ఒక చెంచా ఎక్కువ హార్డెనర్

హార్డెనర్ సీసా మీద సన్న అక్షరాలతో చాలా రాసి ఉంటుంది. చేతులకు తొడుగులు వేసుకోవాలి, కిటికీ తెరిచి ఉంచాలి, ఎండ తగలనివ్వకూడదు, పిల్లలకు అందకుండా పెట్టాలి. ముత్తైదువలు మాత్రమే కలపాలని ఎక్కడా లేదు. నేను సీసాను చుట్టూ తిప్పి చూశాను. మూత తీసి దాని లోపలి వైపు కూడా చూశాను. లేదు. ఈ సంగతిని మా చొప్పదండిలో కొందరికి నేను నోటితోనే చెప్పాల్సి వచ్చింది.

నేను పెళ్లి వస్తువుల మీద రెజిన్ అనే తేట జిగురు పోసి పలకలు చేస్తాను. దండలోని గులాబీ రేకులు, తలంబ్రాల గింజలు, పెళ్లికూతురికీ పెళ్లికొడుకుకీ నుదుట కట్టిన బాసికాలు, ఏవి పంపితే అవి, గాజులాంటి తేట పలకలో నిలబెట్టి ఇస్తాను. గోడకు తగిలించుకుంటారు. నా భర్త చనిపోయి నాలుగేళ్లు దాటింది. ఈ రెండు సంగతులు ఒకే మనిషి గురించి చెప్పకూడదని చాలామంది అభిప్రాయం. నేను ఒకే ఊపిరిలో చెబుతాను. వినేవాళ్లకు ఇబ్బందిగా ఉంటే అది వాళ్ల ఇబ్బంది.

ఈ పని నాకు నేర్పింది ఆయనే. దుబాయిలో గోదాముల నేల మీద ఎపాక్సీ పోసే పని ఆయనది. రెండు డబ్బాలు, ఒకదాంట్లో రెజిన్, ఒకదాంట్లో హార్డెనర్, రెండూ కలిపి పోసి, ముళ్ల చెప్పులు వేసుకుని దాని మీదే నడుస్తూ చదును చేసేవాళ్లట. సెలవుకు వచ్చినప్పుడు సబ్బులూ ఖర్జూరాలూ తెచ్చే సూట్‌కేసులో ఒకసారి చేతిపనులకు వాడే రెజిన్ సీసాల జత కూడా తెచ్చాడు. వంటింట్లో చెక్క పీట మీద పోసి చూపించాడు. నేను పాలు తోడు పెట్టినట్టు రెండు చెంచాల హార్డెనర్ వేసి కలపబోతే చేయి పట్టుకున్నాడు.

"గిది తోడు లెక్క కాదు. తోడు ఎంతేసినా పెరుగైతది. ఇయ్యాల కాకుంటె రేపైతది. గీడ రెండూ కలిస్తెనే ఒక్క వస్తువైతది. రెండు పాళ్లకు ఒక పాలు. ఏది ఎక్కువున్నా, జోడి దొర్కనిది లోపల్నే తిరుగుతది."

ఆయన పదో తరగతి తప్పినవాడు. అయినా తర్వాత నేను ఫోనులో వీడియోల్లో ఎంతమంది చెప్పగా విన్నా ఇంతకన్నా తేటగా ఎవరూ చెప్పలేదు. రెజిన్ తనంతట తాను ఎన్నాళ్లున్నా తేనెలాగే ఉంటుంది. హార్డెనర్ వచ్చి దాన్ని గట్టిపరిచి పోయేది కాదు, వచ్చి దాంట్లో కలిసిపోయి ఉండేది. రెజిన్‌లోని ఒక్కొక్క కొసకు హార్డెనర్‌లోని ఒక్కొక్క కొస ముడిపడుతుంది. ఆ ముళ్లన్నీ పడ్డాక అది ద్రవం కాదు, మళ్లీ ద్రవం కానూ కాదు. హార్డెనర్ తక్కువైతే ముడి దొరకని రెజిన్ మిగులుతుంది. ఎక్కువైతే ముడి దొరకని హార్డెనర్ మిగులుతుంది. ఎలాగైనా మిగిలేది జిగటే. ముళ్లు పడుతున్నప్పుడు వేడి పుడుతుంది. మొదటి ఎండాకాలం పని తొందరగా ముగించాలని పెద్ద మగ్గు నిండా ఒకేసారి కలిపాను. ఆ వేడికి బయటికి పోయే దారి లేక, వేడి ముడిని తొందరపెట్టి, ముడి వేడిని పెంచి, పది నిమిషాల్లో మగ్గు పొగలు కక్కి వంకర తిరిగింది. మా మామ పొలం నుంచి వచ్చి, ఇంట్లో ఏం మాడిందని అడిగాడు. మగ్గు అన్నాను.

ఆయన గుండె ఆగి దుబాయిలోనే పోయాడు. పెట్టె వచ్చింది. ఆ తర్వాత ఏడాది నేను ఏమీ చేయలేదు. ఆ ఏడాది గురించి రాయను. రెండో ఏట అలమారలో మిగిలిన సీసాలు తీసి, కీచైన్లు చేశాను, తర్వాత గడియారాలు, తర్వాత ఎవరో పెళ్లిదండ పంపారు. దానితో అందరికీ తెలిసింది, ఫోను మోగడం మొదలైంది.

అత్తమ్మకు నేనంటే ప్రాణం. లోకమంటే అంతకన్నా ఎక్కువ భయం. ఆమె ఒక ఏర్పాటు చేసింది. పెళ్లి వస్తువుల పార్సిల్ వస్తే విప్పేది తనే. పసుపు కుంకుమ చల్లి, తన చేత్తో బయటికి తీసి, పళ్లెంలో పెట్టి, ఆ పళ్లెం నాకు అందించేది. పని అయ్యాక మళ్లీ పళ్లెంలో పెట్టి నేను ఆమెకిస్తే, తనే ప్యాక్ చేసేది. వస్తువు ముత్తైదువ చేతుల్లో మొదలై ముత్తైదువ చేతుల్లో ముగిసినట్టు లెక్క. మధ్యలో పదిహేను రోజులు నా చేతుల్లో ఉన్నది లెక్కలోకి రాదు. నేను నవ్వి ఊరుకునేదాన్ని. అప్పుడు నవ్వి ఊరుకోవడం నా తప్పు. ఆమెతో ఎన్నో సంగతుల్లో పోట్లాడాను, అన్నిటికన్నా ముందు పోట్లాడాల్సినది వదిలేశాను.

ఇంక అసలు సంగతి. మొన్నటి చలికాలం బోథ్ నుంచి ఒక కొత్త పెళ్లికూతురు ఫోను చేసింది. రెండు బాసికాలు, దండలోని పూలు పంపుతానంది. పదహారు రోజుల పండుగ నాటికి కావాలంది. పార్సిల్ బస్సులో వచ్చింది. అత్తమ్మ పళ్లెం పద్ధతి నడిచింది. నేను పూలను తేమ పీల్చే గింజల్లో పూడ్చి ఆరబెట్టాను. పూలు పూర్తిగా ఆరకుండా పోస్తే ఆ తడి హార్డెనర్‌తో పేచీ పెట్టుకుని పలక మసకబారుతుంది. ఆరడానికే వారం పోయింది. అచ్చులో అడుగు పొర పోశాను. అది చక్కగా గట్టిపడింది. దాని మీద బాసికాలు రెండూ సర్ది, రేకులు చుట్టూ పేర్చి, రెండో పొర పోయాలి. పండుగకు ఆరు రోజులే ఉన్నాయి.

ఆ పొద్దున చలి ఎముకల్లోకి వెళ్లింది. వంటింట్లో అత్తమ్మ ముందురోజు పెట్టిన పాల గిన్నె మూత తీసి, పెరుగు తోడుకోలేదని విసుక్కుంటూ, "చలికి జర ఎక్కువ తోడెయ్యాలె" అని ఇంకో చెంచా వేసి గిన్నెను పొయ్యి పక్కకు జరిపింది. నేను ఆ మాట వింటూ వచ్చి నా బల్ల ముందు కూర్చున్నాను. కాంటా మీద రెజిన్ రెండు వందల గ్రాములు, హార్డెనర్ వంద గ్రాములు తూచాను. సరిగ్గానే తూచాను. తర్వాత, చలి కదా, ఆలస్యమైతే పండుగకు అందదు కదా అనుకుని, ఇంకో చెంచా హార్డెనర్ వంచాను.

తెలియక చేసింది కాదు. ఆయన చేయి పట్టుకుని మరీ చెప్పిన మాట. ఎన్నో పలకలు పోసిన నేను, నాకు వచ్చిన ఒక్క విద్యను, పాల గిన్నె దగ్గర విన్న మాటకు వదిలేశాను. మా ఇళ్లలో పుట్టి పెరిగిన ఆడది తప్ప ఇంకెవరూ ఇలాంటి తప్పు చేయరు.

మర్నాడు వేలు ఆనిస్తే ముద్ర పడింది. రెండో రోజూ పడింది. పైన తేటగా మెరుస్తోంది, లోపల బెల్లం పాకంలా సాగుతోంది. బాసికాలు సగం అందులో మునిగి ఉన్నాయి. అత్తమ్మ వచ్చి చూసింది. వెళ్లిపోయి, మళ్లీ వచ్చింది.

"నేనప్పుడే అనుకున్న బిడ్డా. దండలంటె దండలు. బాసికాలు నుదుట కట్టేటియి. గవి ముట్టకుంటె మంచిగుండు."

"హార్డెనర్ ఎక్కువ పోసిన అత్తమ్మా. గందుకే గట్టిపడలే."

"ఎన్నడు లేంది గిప్పుడే ఎందుకు ఎక్కువైతది?"

ఆమె మెత్తగానే అంది. అందుకే నాకు ఒళ్లు మండింది. "దానికేమన్న కండ్లున్నయా నా నుదురు సూసి ఆగడానికి?" అని అరిచాను. పక్కింటి వాళ్లకు కూడా వినిపించే ఉంటుంది. వినపడనీ అనుకున్నాను.

నాకు కోపం ఎందుకొచ్చిందో ఆ తర్వాత కూర్చుని ఆలోచించాను. అత్తమ్మ పెరుగు తోడుకోకపోతే పాలు మంచివి కావంటారు. మామ వేసిన విత్తనం మొలవకపోతే విత్తనం నకిలీదంటారు. నా పలక గట్టిపడకపోతే మాత్రం నేను మంచిదాన్ని కాదంటారు. నా చేయే అశుభమైతే నేను చేయగలిగింది ఏమీ లేదు, సీసాలు మూసి కూర్చోవడమే. నా కొలత తప్పయితే దిద్దుకోవచ్చు. నాకు తప్పు కావాలి. అందరికీ దొరికే మామూలు తప్పు, ఒక చెంచా తప్పు, అది నాదే అని నేను చెప్పుకోవాలి. ఈ పలక పాడైపోయి, దాన్ని వాళ్లు నా రాతకు కట్టేస్తే, ఇక నా బల్ల మీదికి ఎవరూ ఏదీ పంపరు. అంతకన్నా ఘోరం, ఏదో ఒక రోజు నేను కూడా నమ్మేస్తాను.

అదే రోజు బోథ్ నుంచి పెళ్లికూతురి తల్లి ఫోను చేసింది. కరీంనగర్‌లో చుట్టాల ఇంటికి వచ్చిందట, మర్నాడు చొప్పదండి వచ్చి పలకను తనే తీసుకుపోతుందట. నేను రావొద్దనలేదు. రమ్మన్నాను.

మర్నాడు పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి అత్తమ్మ ముందుగదిలో ప్లాస్టిక్ కుర్చీ ఎక్కి ఉంది. గోడ మీది ఆయన ఫొటోను, దానికి వేసిన గంధపు చెక్క దండతో సహా, మేకు నుంచి తీస్తోంది. ఫొటో కనపడకపోతే వచ్చేవాళ్లకు నా సంగతి తెలియదని ఆమె ఆలోచన. తన కొడుకు ఫొటో. 

"తియ్యకు అత్తమ్మా."

"ఒక్క గంట బిడ్డా. మల్ల పెడ్త. నా కొడుకే గద, వాడేమనుకోడు."

"నేననుకుంట. నాకు పని నేర్పినోడు ఆయన. ఆయన్ని బీరువల పెట్టి నేను పెండ్లి సామాను పొయ్య."

ఆమె కుర్చీ మీద అలాగే నిలబడి ఏడ్చింది. నేను ఆమెను పట్టుకుని కిందికి దించాను. ఫొటో మేకు మీదే ఉండిపోయింది.

పదకొండు దాటాక ఆవిడ వచ్చింది. ఒక్కతే. నలభై ఐదేళ్లుంటాయేమో, పత్తి చేలో పనిచేసి నల్లబడిన చేతులు, నుదుట ఎర్ర స్టిక్కరు, చేతుల నిండా గాజులు. గడపలోనే ఆగి ఫొటో వైపు చూసింది. చాలాసేపు చూసింది. నేను మనసులోనే ఇక మొదలైంది అనుకున్నాను.

"నీ పెనిమిటా చెల్లె?"

"అవునక్కా. నాలుగేండ్లయింది. మీ బిడ్డ బాసికాలు పోసింది నేనే. ఇంక గట్టిపడలే. సూద్దురు రాండ్రి."

అత్తమ్మ వెనక నుంచి అందుకుంది. "పోసింది పక్కింటి పిల్లమ్మా. మా కోడలు ఉత్తగ సూపెట్టింది గంతే."

"అత్తమ్మా," అన్నాను. ఆమె ఆగిపోయింది.

బల్ల దగ్గరికి తీసుకెళ్లి అచ్చు చూపించాను. ఆవిడ బొటనవేలు ఆనించి చూసింది. ముద్ర పడింది. ఆవిడ ముఖం చిన్నబోయింది. నేను ఏదీ దాచలేదు. రెండుకు ఒకటి అనేది ఎందుకో, నేను చలికి భయపడి ఒక చెంచా ఎక్కువ ఎలా పోశానో చెప్పాను. చలికి ఇవ్వాల్సింది వేడి, హార్డెనర్ కాదు అని కూడా చెప్పాను. జిగట పొరంతా గీకి తీసేసి, స్పిరిట్‌తో తుడిచి, సరైన కొలతతో మళ్లీ పోస్తే, అట్టపెట్టె కింద బల్బు వెలిగించి ఉంచితే, ఎల్లుండికి గట్టిపడుతుందన్నాను. గీకేటప్పుడు బాసికాల జరీ దారం ఒకటి రెండు చోట్ల లేచిపోవచ్చు, అదీ చెప్పాను.

"తప్పు నాది. నా రాతది కాదు," అన్నాను. అనవసరంగా గట్టిగా అన్నాను.

ఆవిడ కొంగు నడుముకు దోపి, నా పక్కన కూర్చుంది. "గీకు మరి," అంది.

గంటన్నర పట్టింది. జుట్టు ఆరబెట్టుకునే మిషన్‌తో వేడి గాలి కొడుతూ, చిన్న బ్లేడుతో కొంచెం కొంచెంగా తీశాను. ఒక బాసికం అంచున దారం లేచింది, ఆవిడ దాన్ని వేలితో నొక్కి పట్టుకుంటే నేను పుల్లతో సర్దాను. తర్వాత కాంటా ముందుకు లాగాను. పత్తి అమ్ముకునేవాళ్లకు కాంటా మీద నమ్మకం ఉండదు. ఆవిడ కప్పు పెట్టనివ్వలేదు.

"ముందు సున్న సూపెట్టు."

చూపించాను. కప్పు పెట్టి మళ్లీ సున్నా చేశాను. రెజిన్ రెండు వందలు. మళ్లీ సున్నా. హార్డెనర్ వంద. ఆవిడ అంకెల మీద నుంచి కళ్లు తీయలేదు. తొంభై ఎనిమిది దగ్గర నా చేయి ఆగితే, "ఇంక రెండు," అంది. వంద పడ్డాక, "బరోబర్," అంది. నేను నెమ్మదిగా కలపడం మొదలుపెట్టాను. అంచులు గీకుతూ, అడుగు గీకుతూ, బుడగలు రాకుండా నాలుగు నిమిషాలు. మొదట తీగలు తీగలుగా మసకగా ఉంటుంది. బాగా కలిశాక ఆ తీగలు మాయమై నీళ్లలా తేటపడుతుంది.

అప్పుడు ఆవిడ చేయి చాపింది. "నువ్వు సెప్పు చెల్లె. నేను పోస్త."

అత్తమ్మ ముఖం వెలిగిపోయింది. "గట్లనే కానియ్యమ్మా, గట్లనే కానియ్యి," అని ముందుకు వచ్చింది.  గీకడానికి నా చేయి కావాలి, తూచడానికి నా చేయి కావాలి, కలపడానికి కావాలి. బాసికం మీద పడే చోట మాత్రం గాజుల చేయి కావాలి. మళ్లీ అదే పళ్లెం పద్ధతి. ఈసారి నవ్వి ఊరుకోదలచుకోలేదు.

"పోస్తె నేనే పోస్త అక్కా. నా చెయ్యి పనికిరాదంటె మీ బాసికాలు గిట్లనే తీస్కపోండ్రి. పైసలు అక్కర్లే."

కప్పులో పాకం వేడెక్కడం మొదలైంది. హార్డెనర్ కలిపాక అది ఎవరి మాటలూ ముగిసేదాకా ఆగదు. ఆవిడ చాపిన చేయి అలాగే ఉంది. నా వైపు చూడకుండా బాసికాల వైపు చూస్తూ మాట్లాడింది.

"నీ చెయ్యి పనికిరాదని నేనెందుకంట? నా పెనిమిటి పోయి ఆరేండ్లు. పెండ్లిల మా అన్న వదినె కూసున్నరు పీటల మీద. బాసికం వదినె కట్టింది. నేను వంటల కాడ ఉన్న. కట్టేటప్పుడు సూద్దామని వస్తె జర ఎన్కకు జరుగు అన్నరు. నా బిడ్డ బాసికాన్ని నేను ఇంతదాక ముట్టలే. మొదటిసారి ముట్టింది గిప్పుడు నీ బల్ల మీదనే."

 నేనూ నుదురు చూశాను. స్టిక్కరు చూసి, గాజులు చూసి, లెక్క కట్టేశాను. ఊరు నన్ను చూసే చూపుతోనే ఆవిడను చూశాను. ఇంతకాలం అందరి మీదా పెంచుకున్న కోపం ఒక్క క్షణం నా మీదికే తిరిగింది. సిగ్గనిపించింది. దాన్ని దాచుకోలేదు, "తప్పయింది అక్కా" అన్నాను. ఆ రోజు తప్పు ఒప్పుకోవడం అది రెండోసారి.

ఆవిడకు తొడుగులు తొడిగి కప్పు చేతికిచ్చాను. ఒక మూల నుంచి సన్న ధారగా పోయమని, బాసికం మీద నేరుగా పోయొద్దని, అదే పాకి వచ్చి కప్పుకుంటుందని చెప్పాను. ఆవిడ ఊపిరి బిగబట్టి పోసింది. సగమయ్యాక కప్పు నాకిచ్చింది. "నువ్వు పొయ్యి," అంది. మిగతాది నేను పోశాను. అత్తమ్మ తలుపు దగ్గర నిలబడి మా ఇద్దరి చేతుల వైపు చూస్తూ ఉంది. పళ్లెం కోసం వెతకలేదు. వెళ్లి బల్బు తెచ్చి, ప్లగ్గు పెట్టి, అట్టపెట్టెను తనే బోర్లించింది.

ఆ పలక గట్టిపడిందని ఇక్కడే చెప్పేస్తున్నాను. దాని కోసం ఎవరూ కంగారు పడక్కర్లేదు. మూడో రోజు ఆవిడ మళ్లీ వచ్చి, గోరు నొక్కి చూసి, పండుగకు తీసుకుపోయింది. కానీ నాకు గుర్తుండిపోయింది గట్టిపడిన రోజు కాదు, పోసిన రోజే.

పోసిన పది నిమిషాలకు ఆవిడ తొడుగులు తీసి, చేతులు కడుక్కుని, ఫోను తీసింది. కూతురికి చేసింది. స్పీకరు పెట్టింది, మా అందరికీ వినపడాలనే పెట్టినట్టుంది.

"బిడ్డా, నీ బాసికాలు పోసినం. సగం నేను పోసిన, సగం గీ చెల్లె పోసింది. ఇద్దరం పెనిమిట్లు లేనోళ్లమే. పండుగకు వచ్చినోళ్లందరికి సెప్పు. మీ అత్తమ్మకు సెప్పు, మీ మేనత్తలకు సెప్పు. మీ మేనమామ భార్యకు ముందుగాల సెప్పు."

అవతల కూతురు ఏదో అంది. మేం విన్నది "అవ్వా" అన్న మాట ఒక్కటే. నాకు భయం వేసింది. ఇంకా జిగటగానే ఉంది కదా, రేపు ఏమవుతుందో అనిపించి, "గట్టిపడ్డంక సెప్దురు గని అక్కా" అన్నాను.

ఆవిడ ఫోను చెవికి ఆనించుకునే నా వైపు తిరిగింది.

"ఎందుకు? గట్టిపడకున్నా పోసింది నేనే గద."